తల్లిని పిలిపించుకోవడానికి దళారీ ఎందుకు?

ఉర్దూ చదవగలిగినవారు ఇళ్లలో తగ్గిపోతున్న కొద్దీ, పాత నికాహ్‌నామాలు చేతబట్టుకుని మా వద్దకు వచ్చేవారు ఎక్కువవుతున్నారు. నలభై, యాభై ఏళ్ల నాటి కాగితం. మడతల దగ్గర చిరిగి ఉంటుంది. పెళ్లికొడుకు పేరు, పెళ్లికూతురి పేరు, వారి తండ్రుల పేర్లు, మెహర్, సాక్షులు, హిజ్రీ తేదీ అన్నీ చదివి ఇంగ్లీషులో రాసివ్వమంటారు. ఎందుకని అడిగితే దాదాపు అందరి జవాబూ ఒకటే. అమెరికాలో పౌరసత్వం వచ్చిన కొడుకో, కూతురో తల్లిదండ్రులను శాశ్వతంగా అక్కడికి పిలిపించుకుంటున్నారు. కాగితాలు పంపమని వకీలు అడిగాడు. ఆ వకీలు ఎవరు, ఏ రాష్ట్రంలో లైసెన్సు పొందినవాడు అని అడిగితే మాత్రం చాలామంది నోట మాట రాదు. తీరా విచారిస్తే అతడు వకీలు కాడు, వకీలు గుమాస్తా కూడా కాడు. ఫారాలు నింపిపెట్టే దుకాణదారు.

ఈ విషయంలో మా అభిప్రాయం సూటిగా చెబుతాం. తల్లిదండ్రుల గ్రీన్ కార్డు చాలా కుటుంబాలకు కేవలం కాగితాల పని. చదువుకున్న కొడుకు తీరిక చేసుకుని కూర్చుంటే తానే చేసుకోగలడు. కొన్ని కుటుంబాలకు మాత్రం అది చట్టం చిక్కు. అక్కడ నిజమైన వకీలు లేకుండా ఒక్క అడుగు వేయరాదు. ఈ రెండు చోట్లా దళారీతో పని లేదు. మనవారు దీన్ని తలకిందులు చేస్తున్నారు. కాగితాల పనికి లక్షలు పోస్తున్నారు. చిక్కు ఉన్నచోట మాత్రం "ఏం కాదులే అమ్మా" అన్న దళారీ మాట నమ్మి తల్లి చేత సంతకం పెట్టిస్తున్నారు.

ఈ అలవాటు మనకు గల్ఫ్ ప్రయాణాల నుంచి అబ్బింది. 1970ల నుంచి కరీంనగర్, నిజామాబాద్, కడప జిల్లాల నుంచి, హైదరాబాదు పాతబస్తీ నుంచి మన పిల్లలు గల్ఫ్ దేశాలకు వెళ్లారు. వెళ్లడమంటే ఏజెంటు చేతిలో పాస్‌పోర్టు పెట్టడమే. అతడు ఏ కాగితం మీద ఏం రాశాడో అడిగినవారు లేరు. ఉద్యోగం ఉన్నంతవరకు ఇఖామా, ఉద్యోగం పోతే ఇంటిదారి. మన సామాన్య కార్మికుడికి శాశ్వత నివాసం అన్న ప్రశ్నే రాలేదు. అమెరికా వ్యవహారం ఇలాంటిది కాదు. ఫారం కింద సంతకం చేసినవాడు అందులోని ప్రతి మాట నిజమని ప్రమాణం చేస్తున్నట్టు లెక్క. "ఏజెంటు నింపాడు, నాకు తెలియదు" అంటే సాధారణంగా చెల్లదు.

చట్టం చెప్పేది ఇంత. అమెరికా పౌరుడై, 21 ఏళ్లు నిండినవాడు తన తల్లికీ తండ్రికీ దరఖాస్తు చేయవచ్చు. గ్రీన్ కార్డు మాత్రమే ఉన్నవాడు చేయలేడు. హెచ్-1బి మీద ఉన్నవాడి సంగతి చెప్పనే అక్కరలేదు. 1965 నాటి చట్టం పౌరుల తల్లిదండ్రులను సంఖ్యా పరిమితి లేని తరగతిలో చేర్చింది. అందుకే అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ల వరుసలో భారతీయులు పదిహేనేళ్లకు పైగా వేచి ఉంటున్నా, తల్లిదండ్రులకు అలాంటి వరుస లేదు. వారికి పట్టేది కాగితాలు పరిశీలించే కాలం మాత్రమే. తల్లికి ఒకటి, తండ్రికి ఒకటి, ఇద్దరికీ వేర్వేరు ఐ-130 ఫారాలు వేయాలి. ఆ ఫారం మీద ఇంట్లో ఉన్న పెళ్లికాని చెల్లెలు వెంట రాదు. ఈ చివరి మాట ముందుగా తెలియక, తీరా వీసాలు వచ్చాక ఆడపిల్లను ఎవరింట్లో వదలాలో తెలియని కుటుంబాలు ఉన్నాయి.

ఖర్చు మాటకు వస్తే, 2024 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన పట్టిక ప్రకారం ఐ-130కి ఆన్‌లైన్‌లో 625 డాలర్లు, కాగితం మీద అయితే 675. అది ఆమోదం పొందాక నేషనల్ వీసా సెంటర్ వారికి వీసా రుసుము 325, జామీను పత్రానికి 120. ప్రయాణానికి ముందు కార్డు కోసం 235. అంటే ఒక మనిషికి పదమూడు వందల డాలర్లు. వైద్య పరీక్ష, ముంబయి కాన్సులేట్‌లో ఇంటర్వ్యూకు రానుపోను ఖర్చులు వేరు. రుసుములు మారుతుంటాయి కనుక దరఖాస్తు వేసే రోజున అమెరికా ప్రభుత్వ వెబ్‌సైటులోనే చూసుకోవాలి. ఫారాలు అక్కడ ఉచితంగా దొరుకుతాయి. ఎవరైనా మీకు ఫారం "అమ్మితే" అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

ఇక కాగితాలు. తల్లి కోసం కావలసిన ముఖ్యమైన ఆధారాలు రెండే: కొడుకు పౌరసత్వ రుజువు, తల్లి పేరు ఉన్న కొడుకు జనన ధ్రువపత్రం. తండ్రి కోసమైతే వీటితో పాటు తల్లిదండ్రుల వివాహ రుజువు కూడా చూపాలి. మా వద్దకు వచ్చే నికాహ్‌నామాల కథ ఇదే. ఖాజీ దఫ్తరులో సియాహా ఉన్నచోట నకలు తీయించుకోవచ్చు. ఉర్దూలో ఉన్న ఏ కాగితానికైనా పూర్తి ఇంగ్లీషు అనువాదం జతచేయాలి. అనువాదకుడు తనకు రెండు భాషలూ వచ్చునని, అనువాదం సంపూర్ణమని, సరైనదని రాసి సంతకం చేయాలి. నియమం అడిగేది అంతే. నోటరీ ముద్ర అడగదు. దీనికి వేలకు వేలు ఇచ్చి వస్తున్న కుటుంబాలను చూస్తే బాధ కలుగుతుంది. ఊళ్లోని మదర్సాలో ఉర్దూ, ఇంగ్లీషు రెండూ వచ్చిన ఒక్క ఉస్తాదు ఉంటే చాలు.

కొందరు మరో కోరిక కోరుతారు. "హజ్రత్, నికాహ్‌నామాలో మా అత్తగారి పేరు ఖాజాబీ అని ఉంది. పాస్‌పోర్టులో ఖాజా బేగం. మీరు అనువాదంలో బేగం అని రాసేయండి, ఎవరు చూడొచ్చారు?" కాగితంలో లేనిది అనువాదంలోకి రాదు. అనువాదకుడి సంతకం కూడా ఒక సాక్ష్యమే. పైగా అలా దిద్దవలసిన అగత్యమే లేదు. మన పేర్ల తీరు అలాంటిది. ఒకే స్త్రీ పుట్టింట బీబీ, అత్తవారింట బేగం, ఓటరు జాబితాలో బీ. గుంటూరు, ప్రకాశం వైపు షేక్, పఠాన్ ముందు వస్తాయి, ఇంటిపేరుగా చలామణి అవుతాయి. హైదరాబాదు ఇళ్లలో ఒక తమ్ముడు మొహమ్మద్, ఇంకొకడు అహ్మద్. పాస్‌పోర్టులో ఇంటిపేరో, అసలు పేరో ఖాళీగా ఉంటే వీసా మీద "ఎఫ్ఎన్‌యూ" అని పడుతుంది, పేరు తెలియదని దాని అర్థం. ఈ తేడాలు ఎదురైనప్పుడు చేయవలసింది పాత కాగితాన్ని దిద్దడం కాదు. ఈ రెండు పేర్లూ ఒకే మనిషివని చెప్పే ప్రమాణపత్రం, దానికి తోడు పాత రేషను కార్డు, స్కూలు రికార్డు వంటి ఆధారాలు జతచేయాలి. హిజ్రీ తేదీని మార్చినప్పుడు ఒక రోజు తేడా రావడం కూడా సహజమే. దాచకుండా రాయాలి.

జనన ధ్రువపత్రాలది పెద్ద బెంగ. జనన మరణాల నమోదు చట్టం 1969లో చేశారు. చాలా రాష్ట్రాల్లో 1970 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. అంతకు ముందు పుట్టినవారి విషయంలో బడి రికార్డుల వంటి ఇతర ఆధారాలను అమెరికా కాన్సులేట్లు చూస్తాయి. రికార్డు లేదని మున్సిపాలిటీ ఇచ్చే పత్రం, పుట్టుక ఎరిగిన పెద్దల ప్రమాణపత్రాలు ఆ లోటు తీరుస్తాయి. కష్టం ఎక్కడంటే, 1970 తర్వాత పుట్టి నమోదు కాని కొడుకుల దగ్గర. ఏడాది దాటిన పుట్టుకను మేజిస్ట్రేటు ఉత్తర్వుతో ఇప్పుడు నమోదు చేయించుకోవచ్చు. కానీ నలభై ఏళ్ల తర్వాత తీసిన పత్రాన్ని అధికారి అనుమానంగా చూడటంలో వింత లేదు. బడి రికార్డు, టీకా కార్డు, పాత ఫొటో, ఏది దొరికితే అది జతచేయాలి. అయినా తేలకపోతే డీఎన్ఏ పరీక్ష మార్గం ఉంది. ఇవన్నీ ఓపిక పనులు. తండ్రి గల్ఫ్‌లో ఏడాది, అంతకు మించి ఉన్నవాడైతే, అక్కడ దొరికే పక్షంలో ఆ దేశపు పోలీసు ధ్రువపత్రం కూడా అడుగుతారు. ముందే చూసుకోవడం మంచిది.

ఇంతవరకు వకీలు అవసరం మాకు కనబడదు. కొడుకుకు తీరిక లేక వకీలును పెట్టుకుంటే అది అతని సౌకర్యం, తప్పు కాదు. ఇప్పుడు చిక్కుల మాట చెప్పాలి.

మన ఇళ్లలో ఒక ఆచారం ఉంది. పిల్లలు లేని అక్కకు చెల్లెలు తన బిడ్డను ఇస్తుంది. ఖాలా ఆ బిడ్డను కంటికి రెప్పలా పెంచుతుంది. బడిలో చేర్చేటప్పుడు తండ్రి పేరు దగ్గర ఖాలూ పేరే రాయిస్తారు. ఏ కోర్టు కాగితమూ ఉండదు. ఆ పిల్లవాడు పెరిగి, అమెరికా వెళ్లి, పౌరుడై, "అమ్మీ"ని తెచ్చుకోవాలనుకుంటాడు. అతని మనసులో తల్లి ఆమే. కానీ అమెరికా చట్టం దృష్టిలో ఆమె తల్లి కాదు. దత్తత అయితే బిడ్డకు 16 ఏళ్లు నిండకముందే చట్టబద్ధంగా జరిగి ఉండాలి. మన దేశంలో 2014లో షబ్నం హష్మీ కేసులో సుప్రీంకోర్టు, జువెనైల్ జస్టిస్ చట్టం కింద ముస్లింలు కూడా దత్తత తీసుకోవచ్చని చెప్పింది గానీ, 1970లలో, 80లలో నోటిమాట మీద పెరిగిన బిడ్డలకు అది వర్తించే మాట కాదు. దళారీ ఇక్కడ ఏం చెబుతాడు? "ఆలస్యపు జనన ధ్రువపత్రం తీద్దాం, తల్లి పేరు దగ్గర ఖాలా పేరు రాయిద్దాం" అంటాడు. కన్నవారి పేరును మార్చరాదని మన దీన్ ఎంత గట్టిగా చెప్పిందో మన పాఠకులకు వివరించనక్కరలేదు. లోకం లెక్కలో చూసినా, అది బయటపడితే ఆ వృద్ధురాలి మీద మోసం ముద్ర పడుతుంది. ఆ ముద్రకు కాలపరిమితి లేదు. కొడుకు తన పౌరసత్వ దరఖాస్తులో తల్లిదండ్రులుగా ఎవరి పేర్లు రాశాడో దానికీ, దీనికీ పొంతన కుదరకపోతే అతని మెడకూ చుట్టుకుంటుంది. కన్నతల్లి కోసం దరఖాస్తు వేయవచ్చు, ఎందుకంటే చట్టబద్ధమైన దత్తత జరగలేదు. కానీ బడి రికార్డులన్నీ వేరే పేరు చెబుతున్నప్పుడు ఆ కథను ఎలా చెప్పాలో, ఏ రుజువుతో చెప్పాలో వకీలు చూసుకోవాలి.

తండ్రికి రెండు నికాహ్‌లు ఉన్న ఇల్లు కూడా ఇంతే. తల్లి కోసం వేసే దరఖాస్తుకు ఆమె కన్నతల్లి అయితే చాలు. తండ్రి కోసం వేసేటప్పుడు ఆయన వివాహాలన్నీ ఫారంలో రాయాలి. రెండో భార్య కొడుకు తండ్రి కోసం దరఖాస్తు చేస్తే బంధుత్వం మీదే ప్రశ్నలు వస్తాయి. బహుభార్యత్వం పాటించే ఉద్దేశంతో వచ్చేవారిని అమెరికా చట్టం అనుమతించదు. మారుతల్లి విషయమైతే, కొడుకుకు 18 ఏళ్లు నిండకముందే ఆ నికాహ్ జరిగి ఉండాలి. ఇలాంటి ఇంట్లో ఒక పెళ్లిని "మరచిపోవడం" తేలికగా జరిగిపోతుంది. మరచిపోకండి.

అన్నిటికన్నా ఎక్కువగా మన చెవిన పడే సలహా ఒకటుంది. "ఐ-130, ముంబయి, ఇదంతా ఎందుకు? పర్యాటక వీసా మీద అమ్మను తీసుకెళ్లండి, అక్కడే మార్చేసుకోవచ్చు." ఇందులో సగం నిజం ఉంది కనుకనే ఇది ప్రమాదం. సక్రమంగా వీసా మీద ప్రవేశించిన తల్లి, పౌరుడైన కొడుకు దరఖాస్తు మీద అమెరికాలోనే ఉండి గ్రీన్ కార్డు కోరవచ్చు. దానికి ఐ-485 ఫారం, 1,440 డాలర్ల రుసుము ఉన్నాయి. నిజంగా చూడటానికి వెళ్లి, అక్కడ పరిస్థితి మారి, మనసు మార్చుకున్న తల్లికి ఇది న్యాయమైన దారి. కానీ ఇంట్లో సామాను అమ్మేసి, తిరిగి రాకూడదని నిర్ణయించుకుని, వీసా కిటికీ దగ్గర "ఆరు నెలలు ఉండి వచ్చేస్తాను" అని చెప్పించడం అబద్ధం చెప్పించడమే. ఆ మాట అసత్యమని అధికారి తేల్చితే ఆమెకు జీవితాంతం నిషేధం. మాఫీ కోరే వీలు ఉంది గానీ, దానికి ఆమె భర్తకో, ఆమె తల్లిదండ్రులకో, వారు అమెరికా పౌరులో గ్రీన్ కార్డుదారులో అయి ఉండి, తీవ్రమైన కష్టం కలుగుతుందని చూపాలి. కొడుకు పడే కష్టం ఆ లెక్కలోకి రాదు! భర్త పోయిన, తల్లిదండ్రులు ఎన్నడో కన్నుమూసిన డెబ్బై ఏళ్ల స్త్రీకి ఇక ఎవరు మిగిలారు? ఈ సంగతి చెప్పే దళారీని మేము ఇంతవరకు చూడలేదు.

గడువు మీరి ఉన్న చరిత్రకూ ఇదే వర్తిస్తుంది. 1996 నాటి చట్టం ప్రకారం, అమెరికాలో 180 రోజులకు మించి అక్రమంగా ఉండి బయటికి వస్తే మూడేళ్లు, ఏడాది అంతకు మించి ఉంటే పదేళ్లు తిరిగి రానివ్వరు. గతంలో మనవరాలి పురుడుకు వెళ్లి గడువు దాటి ఉండిపోయిన అమ్మమ్మలు మన సమాజంలో తక్కువేమీ కాదు. అటువంటి తల్లి ఇంకా అక్కడే ఉంటే, విమానం ఎక్కించే ముందే వకీలును అడగాలి. బయటికి వచ్చాక అడిగితే అతడు చేయగలిగింది చాలా తక్కువ. గతంలో వీసా తిరస్కరణ, కేసులు, బహిష్కరణ ఉత్తర్వు ఉన్నవారి మాట కూడా ఇంతే.

మరి వకీలు ఎవరు? అమెరికాలో ఏదైనా ఒక రాష్ట్రంలో న్యాయవాదిగా లైసెన్సు ఉన్నవాడు. అతని పేరు ఆ రాష్ట్ర బార్ వారి వెబ్‌సైటులో వెదికితే దొరుకుతుంది, క్రమశిక్షణ చర్యలు ఉంటే చాలాచోట్ల అవీ కనబడతాయి. వకీలు కాకపోయినా, గుర్తింపు పొందిన సేవాసంస్థల్లో పనిచేస్తూ అమెరికా న్యాయశాఖ అనుమతి పొందిన ప్రతినిధులు ఉంటారు. తక్కువ రుసుముకు పని చేస్తారు. వీరిద్దరు కాక ఇంకెవరూ డబ్బు తీసుకుని న్యాయసలహా ఇవ్వరాదు. మీ తరఫున నిలబడే వకీలు జి-28 అనే ఫారం మీద సంతకం చేసి దాఖలు చేస్తాడు. అతడు అలా చేయనంటే, "నా పేరు ఎక్కడా రాకూడదు" అంటే, మీకు కావలసిన జవాబు దొరికినట్టే. పని ఏమిటి, రుసుము ఎంత, తిరస్కరిస్తే ఏం చేస్తాడు అన్నవి కాగితం మీద రాయించుకోవాలి. మొత్తం కేసు అప్పగించనక్కరలేదు కూడా. చిక్కు ఉందో లేదో తెలుసుకోవడానికి ఒక గంట సలహా కొనుక్కుని, మిగతా పని సొంతంగా చేసుకున్న కుటుంబాలు మాకు తెలుసు. అది తెలివైన పద్ధతి.

జామీను గురించి ఒక మాట. కఫీల్ అన్న పదం మన గల్ఫ్ ఇళ్లలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. అక్కడ కఫీల్ చేతిలో మనిషి కట్టుబడి ఉంటాడు. అమెరికాలో కట్టుబడేది కఫీలే. ఐ-864 అనే పత్రంలో కొడుకు, పేదరిక రేఖకు 125 శాతం స్థాయిలో తల్లిని పోషిస్తానని ప్రభుత్వానికి రాసిస్తాడు. ఆదాయం చాలకపోతే మరొకరు ఉమ్మడి జామీను ఉండవచ్చు. "ఒక్క సంతకం భాయ్, ఫార్మాలిటీ" అని మస్జిద్‌లో కలిసిన మిత్రుణ్ణి అడుగుతున్నారు. ఇది ఫార్మాలిటీ కాదు, కోర్టులో అమలయ్యే ఒప్పందం. ఆ తల్లి పౌరురాలు అయ్యేదాకా, లేదా ఆమె ఖాతాలో నలభై త్రైమాసికాల పని జమ అయ్యేదాకా, లేదా హోదా వదులుకుని దేశం విడిచేదాకా, లేదా కన్నుమూసేదాకా అది ఉంటుంది. సంతకం చేసే స్నేహితుడికి ఇది చదివి వినిపించి ఆ తర్వాత కలం ఇవ్వడం న్యాయం. ఉర్దూలో జమానత్ అన్నా, తెలుగులో పూచీ అన్నా బరువు ఒక్కటే.

చివరగా, ఈ హడావుడిలో ఎవరూ అడగని మనిషి ఒకరున్నారు. ఫారాల మీద పేరున్న తల్లి. గ్రీన్ కార్డు అంటే అక్కడ నివసించడం. ఏడాదికి పైగా బయట ఉంటే కార్డు ఉన్నా ప్రవేశం కష్టమవుతుంది. ఆరు నెలలు దాటినా ప్రశ్నలు వేస్తారు. ఎక్కువకాలం బయట ఉండవలసి వస్తే అమెరికాలో ఉండగానే రీ-ఎంట్రీ పర్మిట్ కోరాలి, అది గరిష్ఠంగా రెండేళ్లు. 65 ఏళ్లు దాటి కొత్తగా వెళ్లినవారు, ఉద్యోగ చరిత్ర లేకపోతే, ఐదేళ్లు ఎడతెగకుండా నివసించాక గానీ మెడికేర్‌ను డబ్బు కట్టి తీసుకోలేరు. అంతవరకు వైద్య బీమా కొడుకు చూసుకోవాలి. ఎండాకాలం అక్కడ, చలికాలం ఇక్కడ, రంజాన్‌కు తన ఇంట్లో, తన మొహల్లాలో ఉండాలనుకునే తల్లికి ఈ లెక్క సరిపడదు. ఆమెకు కావలసింది పర్యాటక వీసా కావచ్చు. మనవారికి అది సాధారణంగా పదేళ్లకు ఇస్తారు, ఒక్కోసారి ఆరు నెలలు ఉండనిస్తారు, దాని ఇంటర్వ్యూ హైదరాబాదులోనే ఉంటుంది. అయితే ఒకసారి ఐ-130 దాఖలు చేశాక, ఈమె స్థిరపడే ఉద్దేశంతో ఉందని అధికారి అనుకుని పర్యాటక వీసాను నిరాకరించే అవకాశం ఎక్కువ. కనుక అమ్మను అడగవలసింది ఆ ఫారం పంపిన తర్వాత కాదు, ముందు.